ఇజ్రాయెల్ గారి తెల్లకణాలు

రాయగడ బజారులో ఇజ్రాయెల్ ఎదురైతే జనం రెండు రకాలుగా తప్పుకునేవారు. ఆయన్ని ఎరగనివారు మర్యాదకి పక్కకి జరిగేవారు. ఎరిగినవారు దగ్గర్లో ఉన్న కొట్లోకి దూరేవారు. ఎందుకంటే ఆయన మనుషుల్ని ముఖాలతో కాక నెత్తురుతో గుర్తుపెట్టుకునేవాడు. టోకు పప్పుల వ్యాపారి త్రినాథరావు కూతురి పెళ్లిలో, పార్వతీపురం నుంచి వచ్చిన వియ్యాలవారంతా చుట్టూ ఉండగా, "తొంభై మూడు ఆగస్టులో మీకు మలేరియా బలంగా తగిలింది కదండీ, మళ్లీ వచ్చిందేటి?" అని పరామర్శించిన ఘనుడాయన.

"మాస్టారూ, ముందు భోజనానికి లెగండి" అన్నాడు త్రినాథరావు, పళ్లు బిగబట్టి.

నిజానికి ఆయన మాస్టారు కాదు. వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి ఒడిశాలోని ఈ రాయగడకి వచ్చి మిషన్ బడిలో పాఠాలు చెప్పాడు. ఆయన పోయాక ఇల్లూ, గోడ గడియారమూ, మాస్టారన్న పిలుపూ కలిపి కొడుక్కి దక్కాయి. ఇజ్రాయెల్ చేసేది మలేరియా ల్యాబులో టెక్నీషియన్ పని. ఆ కొండల్లో వానలు మొదలైతే చలిజ్వరాలు కూడా మొదలవుతాయి. పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు జ్వరం వచ్చిన ప్రతి మనిషి వేలూ పొడిచి, గాజు పలక మీద నెత్తురు చుక్క పూసి పంపేవారు. ఆ స్లైడులకు రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి, మలేరియా పురుగు ఉందో లేదో తేల్చాలి. ఉత్తరపు కిటికీ పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని ఇజ్రాయెల్ ఇరవై రెండేళ్లుగా అదే తేలుస్తున్నాడు. ఒక్కో స్లైడులో వంద చోట్లు వెతికితే గాని 'లేదు' అని రాయడు.

ఆయన రాసింది సరేనో కాదో చూడటానికి కోరాపుట్‌లో ఇంకొకాయన ఉండేవాడు. పేరు గురువులు. ఇద్దరూ ఒకే ఏడు, ఒకే బెంచీ మీద కూర్చుని శిక్షణ పొందారు. లేవని రాసిన స్లైడుల్లో పదింటికి ఒకటి గురువులు దగ్గరికి తనిఖీకి వెళ్లేది. ఇరవై రెండేళ్లలో ఆయన ఇజ్రాయెల్ స్లైడుల్లో ఒక్క తప్పు కూడా పట్టలేకపోయాడు. ఆ సంగతి ఇజ్రాయెల్ ఏ సందర్భంలోనైనా చెప్పగలడు. ఒకసారి చర్చిలో సాక్ష్యం చెప్పమంటే కూడా అదే చెప్పాడు.

ఆయన భార్య పుష్పకుమారి ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సు. ఇంట్లో థర్మామీటరు ఆవిడ చేతిలో ఉండేది, అభిప్రాయాలు ఆయన నోట్లో ఉండేవి. ఒక్క కూతురు మోనికా, బరంపురంలో హాస్టల్లో ఉండి చదువుకునేది.

రెండువేల సంవత్సరం వానాకాలంలో ఇజ్రాయెల్‌కి నీరసం పట్టుకుంది. ల్యాబు మెట్లు నాలుగే, అయినా మూడో మెట్టు మీద ఆగేవాడు. తెల్లారేసరికి బనియను చెమటతో తడిసిపోయేది. మనిషి చిక్కిపోతున్నాడు గాని కడుపు ఎడమ పక్క మాత్రం లాగు పట్టనివ్వడం లేదు.

"ఏటండీ, రెండు ముద్దలకే సెయ్యి కడిగేసుకున్నారు? కూర బాగునేదా?" అని అడిగింది పుష్పకుమారి.

"బాగున్నాది. కడుపు నిండిపోయింది."

"రెండు ముద్దలకా? పెళ్లినాటి నుంచి సూస్తన్నాను, రెండు ముద్దలకి నిండే కడుపు కాదది. రేపు డాక్టరు గారికి సూపించండి."

"ఇది మలేరియా పుష్పా. పక్కన పొలక పెరిగింది. ఈ జిల్లాలో పొలక పెరగనోడు ఎవుడు? నాకు డాక్టరు సెప్పాలేటి?"

పొలక అంటే ప్లీహం. ఎడమ పక్కటెముకల కింద దాగి ఉండే అవయవం. మలేరియా మళ్లీ మళ్లీ వస్తే అది ఉబ్బుతుంది. కాబట్టి ఇజ్రాయెల్ మాటలో తర్కం ఉంది. ఆయన ఏం మాట్లాడినా తర్కం ఉండేది, ఇబ్బందంతా అక్కడే వచ్చేది. తనకు తానే క్లోరోక్విన్ బిళ్లలు వేసుకున్నాడు. నీరసం తగ్గలేదు. సరే, సాక్ష్యం తీసుకుందామని ల్యాబులో ఎవరూ లేని వేళ తన వేలు తానే పొడుచుకుని స్లైడు చేసుకున్నాడు.

వంద చోట్లు చూశాడు. పురుగు లేదు. ఇంకో వంద చూశాడు. లేదు. పోనీ అని తెల్లకణాల్ని పట్టించుకున్నాడా అంటే అదీ లేదు. అవి ఊదారంగు గింజల్లా ప్రతి చోటా కిక్కిరిసి ఉన్నాయి. పది పదిహేను కనపడాల్సిన చోట వందల్లో ఉన్నాయి. సంతలో తెలిసిన మనిషి కోసం వెతికేవాడు అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ పోయినట్టు, ఇజ్రాయెల్ చూపు వాటిని తోసుకుంటూ పురుగు కోసం వెతికింది. 'చుక్క మందంగా పడిందిలే' అనుకున్నాడు. రెండో స్లైడు పల్చగా చేశాడు. మళ్లీ అంతే జనం. మెడ మీద సెగగడ్డ ఒకటి ఉంది, దాని వల్ల పెరిగుంటాయనుకున్నాడు. తప్పు తన కంటిది కాదనడానికి ఎన్ని కారణాలు కావాలో అన్నీ దొరికాయి.

అన్నట్టు, ఆ స్లైడుకి తన పేరు పెట్టుకోలేదు. మలేరియా ల్యాబువాడికే మలేరియా అని ఎక్కడో కోరాపుట్‌లో గురువులు నవ్వుకుంటాడేమోనని భయం. అందుకని రిజిస్టరులో 'కన్నయ్య, కొల్నార' అని రాశాడు. అలాంటి మనిషి ఉన్నాడో లేడో ఆలోచించలేదు. నోటికి వచ్చిన పేరు రాసి, పక్కన 'పురుగు లేదు' అని రాసి, కట్టలో పడేశాడు.

ఆ కట్టలోంచి పదింటికి ఒకటి తీసేటప్పుడు ఆ స్లైడే వచ్చింది. కోరాపుట్ వెళ్లింది.

పన్నెండో రోజున మలేరియా ఆఫీసరు పేరిట గురువులు ఉత్తరం వచ్చింది. 'కొల్నార కన్నయ్య స్లైడులో పురుగు లేదు. ఇజ్రాయెల్ గారు రాసింది సరైనదే. అయితే ఈ మనిషి నెత్తురులో తెల్లకణాలు ఉండవలసిన దానికి ఇరవై, ముప్పై రెట్లు ఉన్నాయి. అందులో ఎముకల మూలుగులోంచి ఇంకా బయటికి రాకూడని పసికణాలు కూడా ఉన్నాయి. ఇది రక్త క్యాన్సర్ కావచ్చు. ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా మనిషిని వెతికి పెద్ద డాక్టరుకు చూపించగలరు.'

ఆఫీసరు ఒడియా ఆయన, మంచివాడు, తొందర మనిషి. ఇజ్రాయెల్ చర్చి కమిటీ పని మీద సెలవులో ఉన్నాడు. ఆఫీసరు ఆయన కోసం ఆగకుండా తాతారావును పిలిచి కొల్నార పంపించాడు. తాతారావు ఆ పల్లెల్లో తిరిగే కార్యకర్త. తెమ్మన్నదాన్ని తెచ్చేదాకా నిద్రపోని రకం. కొల్నారలో ఆయనకు ముగ్గురు కన్నయ్యలు తగిలారు. ఒకాయనకి ఎనభై ఏళ్లు, చెవులు వినపడవు. ఇంకొకడు పెళ్లాం పుట్టింటికి బోరిగుమ్మ వెళ్లాడు. మూడోవాడు బస్సులు ఆగేచోట టీ, ఇడ్లీల హోటలు నడుపుతున్నాడు. తాతారావు ఆయన్ని పట్టుకొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఇజ్రాయెల్ ల్యాబుకి వచ్చేసరికి తన స్టూలు మీద ఒక కొత్త మనిషి కూలబడి ఉన్నాడు. డోలులాంటి శరీరం. జన్మలో పడిశం కూడా పట్టి ఉండదు. పక్కన ఆయన భార్య అప్పమ్మ, ఆస్పత్రిలో ఉంచేస్తారేమోనని రెండు చీరలూ, దుప్పటీ, చెంబూ మూట కట్టుకుని, ముక్కు చీదుకుంటూ కూర్చుంది.

"కణ హేలా, ఇజ్రాయెల్ బాబు?" అన్నాడు ఆఫీసరు, ఏమైందన్నట్టు. ఉత్తరం ఆయన చేతిలో పెట్టి, డాక్టరుకు కబురు చేయడానికి వెళ్లిపోయాడు.

ఇజ్రాయెల్ ఉత్తరం చదివాడు. మొదటి వాక్యం దగ్గర కొంచెం గర్వపడ్డాడు కూడా. తర్వాత వాక్యాల దగ్గర కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ చదివాడు.

"బాబూ, బస్సెక్కిన కాణ్ణుంచి ఒళ్లు కాలిపోతంది" అన్నాడు కన్నయ్య. "కళ్లు తిరగతన్నాయి. నెత్తురు ఎప్పుడు తీసేరో కూడా నాకు గేపకం నేదు. అంత మతి పోనాదంటే రోగం తలకెక్కేసినట్టేనా?"

"నీకేం లేదు, కన్నయ్యా."

"ఏటీ నేకపోతే కాయితం ఎందుకొచ్చిందండీ?"

"ఆ నెత్తురు నీది కాదు."

"మరెవుళ్లది?"

ఇజ్రాయెల్ రిజిస్టరు తెరిచి, తాను రాసిన పేరు మీద వేలు పెట్టాడు.

"నాది."

ముందుగా ఏడుపు ఆపింది అప్పమ్మే. "మీది మీ పేరు మీద రాసుకోవాల గాని మా ఇంటాయన పేరెందుకు రాసేరు బాబూ? ఊళ్లో ఇంకే పేరూ దొరకనేదా?"

చెప్పాల్సి వచ్చింది. గురువులు నవ్వుతాడన్న సంగతి చెబుతుంటే అది ఎంత చిన్న సంగతో ఇజ్రాయెల్‌కి తన చెవులకే వినపడింది. కన్నయ్య జ్వరం అక్కడికక్కడే దిగిపోయింది. దాని స్థానంలో కోపం వచ్చింది. లేచి నిలబడి నాలుగు మాటలు దులిపేద్దామని నోరు తెరిచాడు. అంతలో ఇజ్రాయెల్ ఆ ఉత్తరాన్ని మళ్లీ మొదటినుంచి చదువుకోవడం కనపడింది. నోరు మూసి, స్టూలు ఆయన వైపు జరిపాడు.

"కూకోండి మాస్టారూ" అన్నాడు.

తాతారావు వెళ్లి పుష్పకుమారిని పిలుచుకొచ్చాడు. ఆవిడ ఉత్తరం చదివింది. మైక్రోస్కోపు బల్ల ఖాళీ చేయించి, భర్తను దాని మీద పడుకోబెట్టి, ఎడమ డొక్కలో చెయ్యి పెట్టి చూసింది. పొలక బొడ్డు దాకా వచ్చేసి ఉంది.

"ఊరందరి నెత్తురూ ఇరవై రెండేళ్లు సూసేరు" అంది నెమ్మదిగా. "ఇంటి మనిషి కడుపు మీద సెయ్యేసి నేనూ సూడనేదు. ఇద్దరికీ సరిపోనాది. లెగండి, వైజాగ్ ఎల్దాం."

స్టేషనులో రైలెక్కుతుంటే క్యారియరుతో కన్నయ్య ప్రత్యక్షమయ్యాడు. "నా పేరు మీద బయల్దేరిన రోగం కదమ్మా, ఎక్కడికెళ్లి తేల్తాదో నానూ సూడాల" అని పుష్పకుమారితో చెప్పి, కిటికీ పక్కన సర్దుకున్నాడు.

విశాఖపట్నంలో రక్త రోగాలు చూసే డాక్టరమ్మ నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. తుంటి ఎముకలోంచి మూలుగు తీయించింది, నెత్తురు తీయించింది. పదకొండు వేలు దాటకూడని తెల్లకణాలు రెండు లక్షల నలభై వేలు ఉన్నాయి. ఇజ్రాయెల్ తానొకసారి చూస్తానని పట్టుబడితే స్లైడు చూడనిచ్చింది. ఈసారి పురుగు కోసం వెతకలేదు. తెల్లకణాలనే చూశాడు. పాలుతాగే వయసువి మొదలు మీసాలు వచ్చినవాటి దాకా అన్ని వయసులవీ ఉన్నాయి. ఆ రోజు ల్యాబులో తన చూపు తోసుకుంటూ పోయింది వీటినే అన్న మాట.

"రంగు బాగా పట్టింది" అన్నాడు చివరికి.

నెలకి రిపోర్టులన్నీ వచ్చాక డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టి, మందుల చీటీ వెనక బొమ్మ గీసింది.

"కణం తనంతట తాను రెండు అవదు. పెరగమని బయటినుంచి కబురు రావాలి. కబురు కణం పైపొరకి తగిలితే, లోపలున్న ప్రొటీన్లు ఒకదాన్నుంచి ఒకటి అందుకుని నడిమి కేంద్రకం దాకా చేరవేస్తాయి. పని అయిపోగానే కబురు ఆగిపోవాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో అలాగే ఆగిపోతుంది. మీలో ఏమయిందంటే, మూలుగులోని ఒక్క కణంలో తొమ్మిదో నంబరు క్రోమోజోమూ ఇరవై రెండో నంబరు క్రోమోజోమూ తునకలు మార్చుకున్నాయి. ఎందుకని అడగొద్దు, అలా జరుగుతుంది అంతే. ఆ అతుకు దగ్గర రెండు జన్యువులు కలిసిపోయి ఒక కొత్త ప్రొటీను తయారైంది. దానికి ఎవరూ కబురు పంపక్కర్లేదు. అదే పగలూ రాత్రీ పెరుగు, పెరుగు అని చెబుతూనే ఉంటుంది. ఆ ఒక్క కణం సంతానమే ఇప్పుడు మీ నెత్తురంతా."

పుష్పకుమారికి వెంటనే అర్థమైంది. "వార్డులో ఒక్కోసారి కాలింగ్ బెల్లు నొక్కుకుపోతాది డాక్టరు గారూ. రోగి నిద్దరపోతుంటాడు, బెల్లు మాత్రం మోగతానే ఉంటాది. మేం పరిగెడతానే ఉంటాం. అలాగన్న మాట."

"సరిగ్గా అంతే. ఇప్పుడు నేనిచ్చే హైడ్రాక్సీయూరియా పరిగెత్తే నర్సుల సంఖ్యని తగ్గిస్తుంది. బెల్లుని ఆపలేదు."

"ఆ అతుకు పడిన క్రోమోజోముకి పేరుందా అండీ?" అని అడిగాడు ఇజ్రాయెల్. దేనికైనా పేరు తెలిస్తేనే ఆయనకు స్థిమితం.

"ఫిలడెల్ఫియా క్రోమోజోము. అమెరికాలో అది కనిపెట్టిన ఊరి పేరు."

ఇజ్రాయెల్ నిటారుగా కూర్చున్నాడు. బైబిలు చివరి పుస్తకంలో ప్రభువు ఉత్తరాలు రాయించిన ఏడు సంఘాల పేర్లూ చిన్నప్పుడు ఆదివారం బడిలో కంఠస్థం చేసినవాడు. "ఫిలదెల్ఫియా! అది మంచి సంఘమండీ. దానికి చీవాట్లు పడలేదు."

"మీకు మాత్రం పడతాయి" అంది పుష్పకుమారి. "బయటికి రండి సెప్తాను."

మందు పని చేసింది. రెండు నెలల్లో కణాలు దిగాయి, పొలక లోపలికి పోయింది, అన్నం మూడు రెట్లు తినసాగాడు. కానీ ఇలా మూడు నాలుగేళ్లు నెట్టుకురావచ్చని, ఆ తర్వాత రోగం ముదిరి చేతికి అందకుండా పోతుందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. మూలుగు మార్పిడికి తమ్ముడు శుభాకర్ నెత్తురు పరీక్ష చేయించారు. సరిపోలలేదు. తమ్ముడు వరండాలో కూర్చుని ఏడుస్తుంటే ఇజ్రాయెల్ ఆయన వీపు నిమిరి, "నీదీ నాదీ చిన్నప్పుడు చొక్కాలే సరిపోయేవి కావురా, మూలుగు ఎలా సరిపోతాది" అన్నాడు.

ఇంట్లో ప్రార్థన కూటాలు పెట్టారు. అవి సజావుగా సాగేవని చెప్పలేం. పాస్టరు గారు కళ్లు మూసుకుని గొంతెత్తి, "ఈ సేవకుని శరీరంలోని పురుగును నాశనం చెయ్యి ప్రభువా" అనగానే ఇజ్రాయెల్ కూడా కళ్లు మూసుకునే, "పురుగు కాదండీ, క్రోమోజోము" అనేవాడు. పాస్టరు గారు ఆ ముక్కనీ ప్రార్థనలో చేర్చుకునేవారు. దేవుడికి తప్పుడు సమాచారం వెళ్లకూడదని ఇజ్రాయెల్ పట్టుదల.

అలా అందరి ముందూ హుషారుగా తిరిగిన మనిషి, మర్నాటి ఏడు ఒక మధ్యాహ్నం, స్లైడుల కోసమని వంక పెట్టుకుని కొల్నార వెళ్లి కన్నయ్య హోటలు బల్ల మీద కూర్చున్నాడు. బస్సు వెళ్లిపోయాక హోటల్లో ఎవరూ లేరు. కన్నయ్య టీ పెట్టాడు. ఇజ్రాయెల్ తాగలేదు.

"భయంగా ఉన్నాది కన్నయ్యా" అన్నాడు. "పుష్పకి సెప్పలేదు. మోనికాకి అసలు సెప్పలేను."

కన్నయ్య ఎదురుగా కూర్చున్నాడు. "తాతారావు నన్ను బస్సెక్కించిన రోజు నాకూ వచ్చింది ఆ బయ్యం. కొల్నార నుంచి రాయగడ దాకా. కిటికీలోంచి సెట్లు సూస్తంటే, ఇయన్నీ ఇక్కడే ఉంటాయి, నానే ఉండను అనిపించింది. అది ఒక్క గంట బాబూ. మీకు ఏడాది నుంచి అదేనా?"

"అదే."

"అమ్మగారికి సెప్పేయండి. ఒక్కళ్లే మోసే బరువు కాదది. నన్ను సూడండి, బస్సు దిగేసరికి జొరమొచ్చేసింది."

ఇజ్రాయెల్‌కి నవ్వొచ్చింది. ఆ సాయంత్రమే పుష్పకుమారికి చెప్పాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ విని, కత్తిపీట వంచేసి, "నాకు తెలుసండీ" అంది. "మీరు రెండు నెల్ల నుంచి స్లైడుల గొప్పలు సెప్పడం నేదు. ఎవుళ్లకైనా తెలిసిపోతాది."

రెండువేల రెండులో డాక్టరమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. కొత్త మందు దేశంలోకి వచ్చిందట. కంపెనీవాళ్లు కొందరు రోగులకు ఉచితంగా ఇస్తున్నారని, ఇజ్రాయెల్ పేరు పంపిస్తానని చెప్పింది. ఈ మందు కణాల్ని మూకుమ్మడిగా చంపేది కాదు. ఆ కొత్త ప్రొటీనులో ఒక చిన్న గుంట ఉంది. శక్తినిచ్చే అణువు వచ్చి అందులో కూర్చుంటేనే అది కబురు పంపగలదు. మందు ముందే వెళ్లి ఆ గుంటలో కూర్చుంటుంది. శక్తికి చోటు దొరకదు, కబురు ఆగిపోతుంది. రోజూ భోజనం చేశాక నాలుగు గొట్టం మాత్రలు, పెద్ద గ్లాసుడు నీళ్లతో.

మూడు నెలల్లో కణాల లెక్క మామూలు మనిషి లెక్కలోకి వచ్చేసింది. బదులుగా కనురెప్పలు ఉబ్బాయి, పిక్కలు పట్టేసేవి, పైగా ఆయన నల్లని రంగు మెల్లగా చామనఛాయలోకి దిగింది. ఆ మందు గుణమే అంత. బజారులో జనం ఈసారి కొట్లలోంచి బయటికి వచ్చి మరీ చూశారు. "ఏ పౌడరు వాడతన్నారు మాస్టారూ?" అని త్రినాథరావు వియ్యాలవారి ముందే అడిగాడు. తొమ్మిదేళ్ల కిందటి ఆగస్టుకి ఇంతకాలానికి జవాబు చెప్పిన తృప్తి ఆయన ముఖంలో కనపడింది.

ఏడాదికి మళ్లీ మూలుగు పరీక్ష చేశారు. డాక్టరమ్మ కాగితం ముందు పెట్టి, "ఇరవై కణాలు చూశారు, ఒక్కదానిలోనూ ఫిలడెల్ఫియా క్రోమోజోము లేదు" అంది. మాట తక్కువ మనిషి కూడా ఆ రోజు నవ్వింది.

పుష్పకుమారి కొంగుతో ముఖం కప్పుకుంది. కన్నయ్య పైకప్పుకేసి దణ్ణం పెట్టాడు. ఇజ్రాయెల్ మాత్రం కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇరవయ్యేనా?" అన్నాడు.

"ఏమిటి?"

"ఇరవై చూసి 'లేదు' అని రాసేస్తారేటండీ? నేను వంద చూడందే రాయను. ఇంకో ఎనభై చూడమనండి."

"లేదని నేనూ అనడం లేదు, కనపడలేదంటున్నాను" అంది డాక్టరమ్మ. "లక్ష కణాల్లో ఒకటి దాగి ఉన్నా పట్టుకునే పరీక్షలు వస్తున్నాయి. అందుకే మందు ఆపకూడదు. ఆపిన రోజు ఆ ప్రొటీను మళ్లీ మాట్లాడుతుంది."

ఇంత చెప్పించుకున్న మనిషి రెండువేల నాలుగు డిసెంబరులో మందు ఆపేశాడు. క్రిస్మస్ పాటల బృందంతో ఇల్లిల్లూ తిరగాలి, పిక్కలు పట్టేస్తున్నాయి. వంద చోట్లు చూసే ఓపిక ఉన్న మనిషికి వంద అడుగులు వేస్తే కాలు పట్టేయడం అవమానంగా తోచింది. పదకొండు రోజులు గొట్టాలు వేసుకోలేదు. పన్నెండో రోజు పుష్పకుమారి సీసా బల్ల మీద బోర్లించి, వార్డులో మందులు సరిచూసినట్టు ఒక్కొక్కటీ పక్కకి జరిపింది. నలభై నాలుగు ఎక్కువున్నాయి.

ఆవిడ అరవలేదు. పక్క గదిలోంచి మోనికాను పిలిచింది. మోనికా అప్పటికి బి.ఎస్సీ. ఆఖరి ఏడు, పండగ సెలవులకి వచ్చి ఉంది.

"అమ్మీ, మీ నాన్నగారికి ఏదో సెప్పాలంట, ఇను" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

తండ్రీ కూతుళ్లు బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. మోనికా ఆ గొట్టాల్ని నాలుగేసి చొప్పున కుప్పలు పెట్టింది. పదకొండు కుప్పలయ్యాయి. "ఒక్కో కుప్పా ఒక్కో రోజు నాన్నా" అంది. "ఏ రోజు మాకొద్దనుకున్నావు?"

ఇజ్రాయెల్ మొదటి కుప్పని తన వైపు లాక్కున్నాడు. గ్లాసుతో నీళ్లు తెచ్చుకున్నాడు. ఆ ఏడు పాటల బృందంతో రిక్షాలో తిరిగాడు. రిక్షావాడికి కూడా పల్లవి నేర్పాడు. జనవరి పరీక్షలో కణాలు కొంచెం పైకి తొంగి చూసి, మళ్లీ తలలు దించుకున్నాయి.

ఆ తర్వాత ఆయన మళ్లీ మానలేదు. మూడు నెలలకొకసారి విశాఖపట్నం వెళ్లడం, ఆ స్లైడు ఎవరిదో అప్పటికే తెలుసుకున్న గురువులు రిటైరయ్యాడు గనుక ఆ రైల్లో ఆయన కూడా తోడు రావడం, ఇద్దరూ విజయనగరం దాకా వాదించుకోవడం అలవాటయ్యాయి. కన్నయ్య మధ్యలో కూర్చుని ఇద్దరికీ ఇడ్లీలు పెట్టేవాడు.

రెండువేల ఏడులో ఒకసారి డాక్టరమ్మ గది బయట బెంచీ మీద బోరిగుమ్మ నుంచి వచ్చిన ఒక యువతి కూర్చుని ఉంది. దేవిశ్రీ అనే ఆ అమ్మాయి కొత్త చీటీని వేళ్ల మధ్య నలిపేస్తోంది. భర్త మంచినీళ్ల కోసం వెళ్లాడు. ఇజ్రాయెల్ పక్కన కూర్చుని, చీటీకేసి ఓరగా చూశాడు. మందు పేరు గుర్తుపట్టాడు.

"ఎప్పుడు తెలిసింది అమ్మీ?"

"మొన్న మంగళారం." ఆ అమ్మాయి తలెత్తలేదు. "ఈ మందు ఎన్నాళ్లు మింగాలండీ?"

క్రోమోజోముల నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాలని ఇజ్రాయెల్ ఊపిరి పీల్చుకున్నాడు. గురువులు ఆ బెంచీ చివరనుంచి, ఇక మొదలెడతాడన్నట్టు చూశాడు. ఇజ్రాయెల్ ఆ అమ్మాయి పెదాలు ఎండిపోయి ఉండటం గమనించాడు. తెరిచిన నోరు మూసుకుని, ఇంకో రకంగా తెరిచాడు.

"నాకు మొదలెట్టి అయిదేళ్లయింది. పొద్దున్నుంచి ఏటైనా తిన్నావా?"

"నేదండీ."

"ఖాళీ కడుపుతో ఈ మందు మింగితే తిప్పేస్తాది. లే అమ్మీ. కింద హోటలుంది, మీ ఆయన్ని కూడా పిలు. తిన్నాక మాట్లాడుకుందాం."

దేవిశ్రీ చీటీ మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.